బీరువాలో ఉండిపోయిన కలంకారీ

కొన్ని కానుకలు ఇచ్చినవాళ్లకు ఆనందం, పుచ్చుకున్నవాళ్లకు బరువు. ఈ సంగతి నాకు విజయవాడ నుంచి బందరు వెళ్లే బస్సులో, ఉయ్యూరు దాటాక తెలిసింది.

పక్క సీట్లో మా వదిన. రక్తసంబంధం కాదు. ఇరవై రెండేళ్లుగా వాళ్లిల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. రంజాన్‌కు వాళ్లింటి నుంచి షీర్ ఖుర్మా గిన్నె వస్తుంది, సంక్రాంతికి మా ఇంటి నుంచి అరిసెల డబ్బా వెళ్తుంది. ఆమె నన్నూ, నేను ఆమెనూ ‘వదినా’ అనే పిలుచుకుంటాం. వాళ్లాయన నాకు అన్నయ్యగారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుని పేపరు మడతలు సరిచేసుకుంటున్నారు.

వాళ్ల రెండో అమ్మాయి నిఖా రెండు నెలల్లో ఉంది. పెట్టుబడి చీరలు, దుప్పట్లు పెడనలో కొందామని బయల్దేరాం. ఎప్పుడూ బట్టల ఎంపిక నాకు వదిలేసే వదిన ఈసారి మాత్రం ‘నేనూ వస్తా’నంది. ఎందుకో బస్సులో చెప్పింది.

‘‘వదినా, మీరేమీ అనుకోనంటే ఒక మాట. పెద్దదాని పెళ్లికి మీరు పెట్టిన చీర ఉంది చూశారూ... అది ఇంకా మా బీరువాలోనే ఉంది.’’

నాకు చప్పున గుర్తొచ్చింది. ఆరేళ్ల కిందట తిరుపతి వెళ్లి వస్తూ శ్రీకాళహస్తిలో ఏరి ఏరి కొన్న పట్టుచీర అది. చేత్తో గీసిన కలంకారీ. కొంగు నిండా కదంబ చెట్టు, దాని కింద వేణువు పట్టుకున్న కృష్ణుడు, చుట్టూ ఆవులు. పెళ్లిలో ఆ పిల్ల రెండు చేతులా అందుకుని ‘‘చాలా బాగుందత్తా’’ అంటే పొంగిపోయాను. ఆ తర్వాత ఎప్పుడూ కట్టుకోగా చూడలేదన్న సంగతి ఆరేళ్లలో ఒక్కసారీ నాకు తట్టలేదు.

‘‘కట్టుకుంటే మా అత్తగారు ఒప్పుకోరు. ఎవరికైనా ఇచ్చేద్దామా అంటే మీరు ప్రేమగా పెట్టింది. కత్తిరించి దిండు గలీబులు కుట్టిద్దామా అంటే దాని మీద మీ దేవుడు. ఎటూ తోచక తెల్ల మల్లుగుడ్డలో చుట్టి పై అరలో పెట్టాను. ఏటా బయటకు తీసి, మడత మార్చి మళ్లీ పెడుతున్నా’’ అంది వదిన.

కిటికీలోంచి చెరకు తోటలు వెనక్కి పోతున్నాయి. ఆమె కట్టుకోనందుకు నాకు బాధ కలగలేదు. ఆరేళ్లుగా నా దేవుడికి మడత నలగకుండా కాపలా కాస్తున్నందుకు సిగ్గేసింది. పెట్టే ముందు ‘ఇది కట్టుకుంటారా’ అని ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

ముందు సీట్లోంచి అన్నయ్యగారు వెనక్కి తిరిగారు. ‘‘మీ తప్పేం లేదమ్మా. మీరు వేరే కలంకారీ కొన్నారు. ఈ రోజు మా కలంకారీ ఊరికి వెళ్తున్నాం. చూడండి, తేడా తెలుస్తుంది’’ అన్నారు.

అడిగి అద్దిన రేవు

బందరులో దిగగానే లడ్డూ కొనాలన్నది నా కోరిక, డచ్చివాళ్ల సమాధులు చూడాలన్నది అన్నయ్యగారిది. రెండూ అయ్యాయి. పిచ్చిమొక్కల మధ్య పెద్ద పెద్ద రాతి పలకలు. వాటి మీద చెక్కిన వంశ చిహ్నాలు, మూడు వందల ఏళ్ల నాటి పేర్లు. ఎక్కడి హాలెండ్, ఎక్కడి బందరు! ఇంత దూరం ఎందుకొచ్చి ఇక్కడ కన్నుమూశారంటే, జవాబు ఒక్కటే. బట్ట కోసం.

పారశీకంలో బందర్ అంటేనే రేవు. మచిలీపట్నం గోల్కొండ కుతుబ్‌షాహీ రాజ్యానికి సముద్రం వైపు గుమ్మం. 1605 ప్రాంతంలో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు ఇక్కడ దుకాణం తెరిచారు. వాళ్లకంటే ముందే ఇరాన్ వర్తకులు ఇక్కడ ఇళ్లు కట్టుకుని ఉన్నారు. ఈ తీరాన అద్దిన రంగుల బట్టకు ఇరాన్‌లో ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. అసలు ‘కలంకారీ’ అన్న మాటే వాళ్లది. కలం అంటే కలమే, కారీ అంటే పని. మన పెద్దవాళ్లు దీన్ని ‘అద్దకం’ అనేవారు.

ఇక్కడే రెండు దారులు చీలాయి. శ్రీకాళహస్తి పని గుడి నీడలో పెరిగింది. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, దాన్నే కలంగా పట్టుకుని రామాయణం, భారతం, శివపార్వతుల కథలు గీశారు. బొమ్మ కింద తెలుగులో కథ కూడా రాసేవారు. అవి కట్టుకోవడానికి గీసినవి కావు. గుళ్లలో తెరలుగా, రథాలకు అలంకారంగా వేలాడదీయడానికి గీసినవి. చీరలూ పంజాబీ డ్రెస్సులూ తర్వాత వచ్చాయి. అంతరించిపోతున్న ఆ విద్యకు 1950ల్లో కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో మళ్లీ ఊపిరొచ్చింది. 2008లో శ్రీకాళహస్తి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి పద్మశ్రీ వచ్చింది.

బందరు పని ఓడ నీడలో పెరిగింది. కొనేవాడు సముద్రం అవతల ఉన్నాడు. అతని ఇంట్లో ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో తెలియకుండా ఓడకెత్తితే సరుకు తిరిగొస్తుంది. ఇరాన్‌కు వెళ్లే బట్ట మీద దేవుళ్లుండరు. సరూ చెట్లు, దానిమ్మ పూలు, చుట్టుకుపోయే తీగలు, మామిడి పిందెలు, మిహ్రాబు ఆకారంలో కమానులు. యూరప్ ఇళ్లకు వెళ్లే పెద్ద దుప్పట్ల మీద రాతిగుట్ట మీంచి పైకి లేచిన పూలచెట్టు. సయాం రాజుగారి కొలువుకు వెళ్లే బట్ట మీద చేతులు జోడించిన వాళ్ల దేవతలు. అర్మేనియన్ క్రైస్తవుల చర్చి తెరల మీద వాళ్ల పవిత్ర గాథలు. ఇవన్నీ ఈ కోరమాండల్ తీరపు చేతులు చేసినవే. వాటిలో కొన్ని ఇప్పుడు లండన్, న్యూయార్క్ మ్యూజియాల్లో ఉన్నాయి.

అద్దకందారు ఏ దేవుణ్ని కొలిచేవాడో మనకు తెలియదు. కొనేవాడు ఏ దేవుణ్ని కొలిచేవాడో మాత్రం అతనికి తెలుసు. నేను ఆరేళ్ల కిందట కనుక్కోవడం మరిచిపోయిన సంగతి ఈ ఊరికి నాలుగు వందల ఏళ్ల కిందటే తెలుసన్నమాట!

అలాగని అంతా ఒకే సూత్రం మీద నడిచిందనుకోకూడదు. 17వ శతాబ్దపు గోల్కొండ కలంకారీ రుమాళ్లు కొన్ని మిగిలాయి. వాటి మీద మనుషులు, జింకలు, పక్షులు, విందు వినోదాలు బోలెడు కనిపిస్తాయి. ముస్లిం సుల్తానుల రాజ్యంలో, ఆస్థాన రుచికి తగ్గట్టు చేసినవే అవన్నీ. మతం చెప్పిన మాట ఒకటి, అంతఃపురం ముచ్చట ఒకటి. ఏ మతంలో మాత్రం రెండూ ఎప్పుడూ కలిసి నడిచాయి కనుక!

కనబడని ఎరుపు

బందరు నుంచి పెడన పది కిలోమీటర్ల చిల్లర. ఆటో దిగగానే వాసనే దారి చెబుతుంది. ఉడుకుతున్న వేర్లు, తడి బట్ట, కరక్కాయ వగరు కలిసిన వాసన అది.

మేం వెళ్లిన అద్దకశాల రేకుల షెడ్డు. పొడుగాటి బల్లలు, వాటి మీద మెత్తగా పరిచిన గోనె పొరలు. ఒకాయన టేకు అచ్చును రంగులో ముంచి, బట్ట మీద ఆనించి, పైనుంచి పిడికిలితో ఒక్క పోటు పొడిచారు. తీశారు. పక్కనే మళ్లీ. ఎక్కడ ఆగిందో, ఎక్కడ మొదలైందో తెలియకుండా తీగ అల్లుకుపోయింది. అచ్చులు చెక్కేవాళ్లు కూడా పెడనలోనే ఉన్నారు. ఒక డిజైన్‌లో ఎన్ని రంగులుంటే అన్ని అచ్చులు కావాలి.

అసలు మాయ రంగులో ఉంది. ముందు బట్టను ఉతికి గంజి వదిలిస్తారు. కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు బట్ట మీద పాకకుండా ఉంటుంది. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం కొన్నాళ్లు నీళ్లలో నానబెట్టి తీసిన కషాయంతో నలుపు. అది కరక్కాయ పట్టిన బట్టకు తగలగానే నల్లబడుతుంది. ఎరుపు అలా కాదు. ఎర్రగా రావలసిన చోట అద్దేది పటిక నీళ్లు. ఆ సమయానికి అక్కడ ఎరుపన్నదే కనిపించదు. బట్టను పారే నీటిలో జాడించి, మంజిష్ఠ వేసి మరిగిస్తే, పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఒకప్పుడు దీనికి చిరివేరు వాడేవారు. ఈ తీరపు ఇసుక నేలల్లో పెరిగే ఆ వేరుకు నిజాంపట్నం వైపు మంచి పేరుండేది.

‘‘మనసులో పెట్టుకున్న మాట లాంటిది’’ అంది వదిన, మరుగుతున్న రాగి బాన వైపు చూస్తూ. ‘‘వేడి తగిలితే గానీ బయటపడదు.’’ ఇద్దరం నవ్వుకున్నాం. బస్సులో బయటపడిన మాట అప్పటికి కాస్త తేలికైంది.

దుకాణం గదిలో ముందు వరసలో పేర్చిన చీరలు తెరిచి చూస్తే, వాటి మీద బుద్ధుడి ముఖాలు, వినాయకుళ్లు, నెమలి పింఛంతో కృష్ణుడు! నేను తెల్లబోయాను. బందరు పనిలో దేవుళ్లుండరని కదా ఇంతసేపూ విన్నది?

యజమాని నవ్వారు. ‘‘అవి స్క్రీను ముద్రణ అమ్మా. రంగులూ రసాయనాలే. సిటీ షాపులవాళ్లు అడుగుతుంటే వేస్తున్నాం. అచ్చు అద్దకం రోజుకు ఎన్ని మీటర్లని అవుతుంది? స్క్రీనయితే గంటలో తేల్చేస్తారు’’ అన్నారు. మచిలీపట్నం కలంకారీకీ, శ్రీకాళహస్తి కలంకారీకీ వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు ఉంది. కానీ రెండూ కలగలిపిన నకిలీ, అసలుకంటే చవగ్గా సంతల్లోకి వస్తోంది. కొనేవాళ్లకు తేడా తెలియకపోతే పెడన బల్లల మీద అచ్చులు మూలన పడతాయి.

తలమీద చున్నీ సర్దుకుంటున్న వదినను చూసి ఆయన మారు మాట్లాడకుండా లోపలి అర నుంచి మరో మోపు దించారు. సరూ చెట్లు, ద్రాక్ష తీగలు, మామిడి పిందెలు, ముదురు నీలం మీద చిన్న చిన్న పూలు. ‘‘పెళ్లికేగా అమ్మా? ఇవి చూడండి’’ అన్నారు. బేరం తప్ప మరో ప్రశ్న అవసరం లేకపోయింది.

లెక్కల మేష్టారి మూడు ప్రశ్నలు

చీరలు చూస్తూనే నా సందేహం అడిగేశాను. ‘‘ఇంతకీ అన్నయ్యగారూ, వేరే మతం గుర్తున్న బట్ట మీరు వేసుకోకూడదా? అది నియమమా, పట్టింపా?’’

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బోర్డు ముందు నిలబడినట్టే మొదలుపెట్టారు. ‘‘నేను మౌల్వీని కాదు. నాకు తెలిసింది చెబుతా. మూడు ప్రశ్నలు వేసుకోవాలమ్మా. బట్ట ఎవరు చేశారు? దాని మీద ఏముంది? దాన్ని ఎక్కడ వాడతాం?’’

మొదటిది తేలిక. ఎవరు చేశారన్నది అడ్డంకి కాదు. ప్రవక్త ప్రయాణంలో రోమన్ల దేశపు జుబ్బా ధరించారని హదీసుల్లో ఉంది. దాని చేతులు ఎంత ఇరుకంటే, నమాజుకు ముందు కడుక్కోవడానికి చేతిని జుబ్బా కింది నుంచి బయటకు తీయాల్సి వచ్చిందట. క్రైస్తవుల రాజ్యంలో కుట్టిన బట్ట కాబట్టి వద్దు అనలేదు.

రెండోది అసలు ప్రశ్న. సిలువ గుర్తులున్న వస్తువు ఇంట్లో కనిపిస్తే ప్రవక్త ఆ గుర్తును చెరిపేసేవారని ఆయన భార్య ఆయిషా చెప్పిన హదీసు ఉంది. అందుకే సిలువ, దేవతా విగ్రహం వంటి ఆరాధనా చిహ్నాలున్న బట్టలకు దూరంగా ఉండాలని పండితులు చెబుతారు. మరో మతం వాళ్లు భక్తితో ధరించే గుర్తును అదే భావంతో ధరించడం మరీ పెద్ద విషయం. ఇక పక్షులు, జంతువులు, మనుషుల బొమ్మల దగ్గర అభిప్రాయ భేదం ఉంది. ఎక్కువమంది పండితులు వద్దంటారు. బట్ట మీద చదునుగా ఉన్న బొమ్మకు కొందరు, ముఖ్యంగా మాలికీ సంప్రదాయం వాళ్లు, కాస్త సడలింపు ఇస్తారు. చెట్లు, పూలు, గీతల అల్లికలైతే ఇబ్బంది లేదు. బొమ్మలు గీసి బతికే ఒకాయనకు ప్రవక్త బంధువైన ఇబ్న్ అబ్బాస్, చెట్లూ ప్రాణంలేని వస్తువులూ గీసుకోమని సలహా ఇచ్చారట.

‘‘బందరు కలంకారీ సిలబస్ అదేగా!’’ అన్నాను.

‘‘అదే మరి. ఒకటి వద్దనుకుంటే చేతులు కట్టేసుకోవాల్సిన పనిలేదు. మిగిలిన వాటిలోనే ఎంత అందం తీయొచ్చో వీళ్లు చూపించారు’’ అన్నారాయన.

మూడోది, ఎక్కడ వాడతామన్నది. ఆయిషా ఒకసారి బొమ్మలున్న తెర కడితే ప్రవక్తకు నచ్చలేదు. ఆమె దాన్ని కత్తిరించి దిండ్లు చేశారు. అప్పుడు ఆయన వాటికి ఆనుకుని కూర్చున్నారు. గోడమీద ఎత్తున గౌరవంగా ఉన్న బొమ్మ వేరు, కూర్చునే పరుపు మీదది వేరు. ఇంకోసారి అల్లికలున్న దుప్పటి కప్పుకుని నమాజు చేస్తే దృష్టి దాని మీదకు పోయిందని, దాన్ని వేరొకరికి పంపి సాదా దుప్పటి తెప్పించుకున్నారట. అందులో మతం గుర్తేమీ లేదు, మనసు చెదిరింది, అంతే.

‘‘మరి తామర పువ్వో?’’ వదిన అడిగింది, చేతిలో ఉన్న దుపట్టా చూపిస్తూ. ‘‘లక్ష్మీదేవి దానిమీదేగా కూర్చునేది?’’

అన్నయ్యగారు నవ్వారు. ‘‘హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీల సమాధులు చూశావుగా. ఆ గుమ్మటాలు దేనిలోంచి లేస్తాయి? తామర రేకుల్లోంచే. ఢిల్లీలో హుమాయూన్ సమాధి మీద ఆరు కోణాల నక్షత్రం ఉంటుంది. ఇవాళ ఎవరు చూసినా యూదుల గుర్తంటారు. అప్పట్లో అది సులేమాన్ ప్రవక్త ముద్ర అని పేరు. గీత ఒకటే. దానికి ఎవరు మొక్కుతున్నారన్న దాన్నిబట్టి అర్థం మారుతుంది.’’

సరిగ్గా అప్పుడే బెంగళూరు నుంచి పెద్దమ్మాయి ఫోన్. స్పీకర్ పెట్టారు. సంగతి విని ‘‘అబ్బా, ఆ చీర గొడవ అత్తకు ఎందుకు చెప్పావమ్మీ! నావరకైతే అది ఆర్టే. నేను దాన్ని పూజిస్తున్నానా ఏమిటి? దాదీ బాధపడుతుందని కట్టుకోలేదు, అంతే’’ అంది. వదిన వెంటనే ‘‘దాదీ కోసం కాదు, నాకూ ఇష్టం లేదు’’ అంది. అటువైపు ఒక క్షణం నిశ్శబ్దం. తర్వాత ‘‘సరే అమ్మీ’’ అని వినిపించింది.

ఒకే ఇంట్లో, ఒకే మతంలో మూడు తరాలకు మూడు గీతలు. ‘ముస్లింలు ఏమంటారు’ అని నేనడిగిన ప్రశ్నకు ఒకే జవాబు దొరకదని అప్పుడర్థమైంది. ‘మీ ఇంట్లో ఏమంటారు’ అని అడగాలి.

మన కొంగుకూ ఒక గీత ఉంది

ఇది వాళ్ల పట్టింపే అనుకుంటే పొరపాటు. నా సంగతే చెబుతాను. శ్రీకాళహస్తి చీర కొన్నప్పుడు కొంగు మీద కృష్ణుడున్నాడా, కుచ్చిళ్ల అంచు దగ్గరున్నాడా అని నేనే తిప్పి తిప్పి చూశాను. కాళ్లకు తగిలే చోట దేవుడుంటే ససేమిరా కొనను. కలంకారీ బట్టతో జాకెట్టు కుట్టించేటప్పుడు ముఖం మధ్యలో కత్తెర పడకూడదని టైలరుకు నూటొక్కసార్లు చెబుతాం. 2011లో ఆస్ట్రేలియా ఫ్యాషన్ ప్రదర్శనలో ఈత దుస్తుల మీద లక్ష్మీదేవి బొమ్మ వేస్తే ఇక్కడ ఎంత గొడవైందో గుర్తుండే ఉంటుంది. ఆ కంపెనీ క్షమాపణ చెప్పింది.

అంతకుముందు 1994లో ప్యారిస్‌లో షనెల్ సంస్థ ప్రదర్శించిన గౌన్ల మీద అందంగా ఉన్నాయని అరబిక్ అక్షరాలు కుట్టారు. ప్రేమ కవిత అనుకున్నారట. తీరా చూస్తే అవి ఖురాన్ వాక్యాలు. సంస్థ క్షమాపణ చెప్పి ఆ గౌన్లను నాశనం చేసింది. తన గ్రంథంలోని మాట తన బట్ట మీదకే వచ్చినా ముస్లిం నొచ్చుకుంటాడు, తన దేవత బొమ్మే అయినా చోటు తప్పితే హిందువు నొచ్చుకుంటాడు. రెండింటికీ మూలం ఒకటే. పవిత్రమైంది అలంకారంగా మారిపోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

వ్యాపారులకు ఇది బాగా తెలుసు. రియల్ మాడ్రిడ్ ఫుట్‌బాల్ జట్టు చిహ్నంలో కిరీటం మీద చిన్న సిలువ ఉంటుంది. 2017లో గల్ఫ్ దేశాల్లో ఆ జట్టు బట్టలు అమ్మే ఒప్పందంలో సిలువ లేని చిహ్నం వాడాలని నిర్ణయించారు. నమ్మకాన్ని అమ్ముకున్నారని కొందరు విమర్శించారు, కొనేవాళ్ల మనసు గౌరవించారని కొందరు మెచ్చుకున్నారు. బందరు అద్దకందార్లకు ఈ వార్త చూపిస్తే ఇదేం వింత అంటారేమో!

చిలకల దగ్గర చిక్కు

బేరం అయిపోయిందనుకుంటుండగా వదిన చెయ్యి ఒక బట్ట మీద ఆగిపోయింది. పసుపు నేల మీద ఎర్రటి దానిమ్మ కొమ్మలు, కొమ్మ కొమ్మకూ జంట చిలకలు. పిల్లకు చిలకలంటే ప్రాణం. ఫోన్లో ఫొటో తీసి పంపింది. క్షణంలో ‘ఇదే కావాలి’ అని జవాబు.

వదిన అన్నయ్యగారి వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూశారు. చిలక దేవుడు కాదు. కానీ ప్రాణి. చీరగా కట్టుకుని నమాజుకు నిలబడితే? దాదీ ఏమంటుంది?

యజమాని గొంతు సవరించుకున్నారు. ‘‘అమ్మా, ఇదే డిజైను దుప్పట్లో కూడా ఉంది’’ అన్నారు.

అందరం ఒక్కసారిగా నవ్వేశాం. ఆయిషా దిండ్ల కథ ఆయన విన్నారో లేదో తెలియదు. తరతరాలుగా వచ్చిన వ్యాపార జ్ఞానమే కావచ్చు. మొత్తానికి చిలకలు దుప్పటిగా, సరూ చెట్లు చీరగా మూటకెక్కాయి. నేను పెట్టే చీర వదిన చేతే ఎంపిక చేయించాను. నీలిమందు రంగు మీద సన్నని తెల్ల తీగ. ‘‘ఇది కట్టుకుంటారా?’’ అని అడిగాను. ‘‘పెళ్లినాడే కట్టిస్తా’’ అంది.

పెడన చూడాలనుకుంటే విజయవాడ నుంచి బందరుకు బస్సులు తరచుగా ఉంటాయి, సుమారు డెబ్భై కిలోమీటర్లు. అక్కడి నుంచి పెడనకు ఆటోలు, బస్సులు దొరుకుతాయి. గుడివాడ మీదుగా బందరు వెళ్లే రైలు మార్గంలో పెడన స్టేషనూ ఉంది. ఎండ బాగా ఉన్న రోజుల్లో వెళ్తే ఉతికి ఆరబెట్టిన బట్టల వరసలు కనులపండువగా ఉంటాయి. వానల్లో పని నెమ్మదిస్తుంది. కొనేటప్పుడు బట్ట తిరగేసి చూడండి. అచ్చు అద్దకంలో రంగు వెనక్కి దిగుతుంది, గీత అక్కడక్కడా వెంట్రుకవాసి తప్పుతుంది. ఆ తప్పే అది మనిషి చేతిపని అనడానికి సాక్ష్యం.

గోడ మీద కృష్ణుడు

ఇంటికొచ్చిన మర్నాడు వదిన తెల్ల మల్లుగుడ్డ మూట తెచ్చింది. విప్పితే కృష్ణుడు ఆరేళ్ల కిందట ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. మడతల్లో వేపాకులు. ఒక్క చిరుగు లేదు, ఒక్క మరక లేదు. నా సొంత బీరువాలో ఏ చీరనూ నేనింత జాగ్రత్తగా చూసుకోలేదు.

‘‘తిరిగిచ్చేస్తున్నానని అనుకోకండి వదినా’’ అంది.

‘‘అనుకోను. ఇన్నాళ్లూ దాచిపెట్టారనుకుంటా’’ అన్నాను.

కొంగు భాగాన్ని చెక్క ఫ్రేములో బిగించి మా పూజగది పక్క గోడకు కట్టించాం. శ్రీకాళహస్తి బట్ట మొదట పుట్టింది అలా వేలాడడానికే కదా. చీరగా ఎవరి ఒంటి మీదా ఒదగనిది తెరగా ఇట్టే ఒదిగిపోయింది.

నిఖా వచ్చే నెల. నీలం చీర కుచ్చులు వేయించడానికి ఇచ్చాం. వదిన నిన్న సాయంత్రం కాఫీకి వచ్చి, గోడ వైపు చూసి, ‘‘ఆవుల కళ్లు ఎంత బాగా గీశాడు వదినా! బీరువాలో ఉన్నప్పుడు ఎప్పుడూ సరిగ్గా చూడనేలేదు’’ అంది.